మన రైలింజను, మన వంటింటి మిక్సీ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనందరికీ 1982 నాటి నకారా కేసు తీర్పు, డి.ఏ. బకాయిలు గుర్తుకొస్తాయి. వాటి గురించి చెప్పగలవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. కార్యదర్శి గారు నాతో "మీరు చేసిన పని గురించి చెప్పండి, ఇంట్లోవాళ్ళకు కూడా అర్థమయ్యేట్టు ఉండాలి" అన్నారు. నేను చేసిన పని ట్రాక్షను మోటార్లు, అంటే ఎలక్ట్రిక్ రైలింజను చక్రాలను తిప్పే మోటార్లు. దాన్ని ఇంట్లోవాళ్ళకు ఎట్లా చెప్పడమా అని రెండు రోజులు ఆలోచించి, మా ఇంటి మిక్సీని విప్పి ఈ సంచిలో వేసుకొచ్చాను. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

మిక్సీలో ఉన్నదీ, మనం విజయవాడ షెడ్డులో చూసిన డబ్ల్యు.ఏ.ఎం.-4 ఇంజనులో ఉన్నదీ ఒకే జాతి మోటారు. ఇంజను మోటారు పేరు టి.ఏ.ఓ. 659. అది 750 వోల్టుల మీద నడుస్తుంది, 575 కిలోవాట్ల శక్తి ఇస్తుంది. అటువంటివి ఇంజనుకు ఆరు. మిక్సీది అర కిలోవాటు. ఏనుగుకూ ఎలుకకూ ఉన్నంత తేడా. అయినా ఎముకల అమరిక ఒకటే.

ఇదిగో, చూడండి. బయట కదలకుండా ఉండే భాగం స్టేటరు. లోపల తిరిగేది ఆర్మేచరు. స్టేటరుకు ఇటొకటి అటొకటి, రెండు రాగితీగ చుట్టలు ఉన్నాయి. ఇవే ఫీల్డు కాయిళ్ళు. ఇనుమును అయస్కాంతంగా మార్చడం వీటి పని. ఆర్మేచరులో కూడా రాగితీగే. దానికి కరెంటు అందించడానికి ఈ చివర కమ్యుటేటరు, దాని మీద ఆనుకునే రెండు కార్బన్ బ్రష్షులు ఉన్నాయి. ఫీల్డు కాయిళ్ళ గుండా పోయిన కరెంటే బ్రష్షుల ద్వారా ఆర్మేచరులోకి పోతుంది. ఒకే దారి, ఒకే కరెంటు. అందుకే దీన్ని సిరీస్ మోటారు అంటారు.

ఈ ఏర్పాటులో ఒక గొప్ప సుగుణం ఉంది. మోటారు తిప్పే బలం రెండిటి మీద ఆధారపడుతుంది: ఫీల్డు అయస్కాంత బలం, ఆర్మేచరులోని కరెంటు. ఇక్కడ రెండిటికీ మూలం ఒకే కరెంటు. కాబట్టి కరెంటు రెట్టింపైతే బలం రమారమి నాలుగింతలవుతుంది, ఇనుము అయస్కాంతాన్ని ఇంకా ఇముడ్చుకోగలిగినంత వరకు. రెండు వేల టన్నుల గూడ్సు బండిని నిలబడ్డచోటి నుంచి లాగడానికి కావలసింది ఇదే. నానిన మినప్పప్పును మొదటి తిప్పులో విరగ్గొట్టడానికీ ఇదే. బరువు పడితే వేగం తగ్గించుకొని బలం పెంచుకుంటుంది. బరువు తీసేస్తే వేగం పెంచుకుంటుంది. మన బొంబాయిలో 1925 ఫిబ్రవరి 3న బోరీబందరు నుంచి కుర్లాకు మొదటి ఎలక్ట్రిక్ రైలు నడిచినప్పుడు కూడా దాన్ని లాగినవి ఈ జాతి మోటార్లే.

మిక్సీకి వచ్చేది ఏ.సి. కరెంటు. సెకనుకు వంద సార్లు దిశ మార్చుకుంటుంది. మరి మోటారు వెనక్కీ ముందుకూ ఊగిసలాడదా? ఆడదు. ఫీల్డు దిశ, ఆర్మేచరు దిశ ఒకేసారి మారతాయి కాబట్టి తిరుగుడు మారదు. అందుకే దీన్ని యూనివర్సల్ మోటారు అన్నారు. అయితే దిశ మారే అయస్కాంతం గట్టి ఇనప దిమ్మలో ఉంటే దిమ్మ కాగిపోతుంది. ఆ బాధ తప్పించడానికి ఇట్లా పలచటి రేకులు, మన భాషలో స్టాంపింగులు, పేర్చి చేస్తారు.

ఇప్పుడు ఒక తమాషా చెబుతాను. ఇంజను వేగం ఇంకా పెంచాలంటే మేము ఏం చేసేవాళ్ళమో తెలుసా? ఫీల్డును బలహీనం చేసేవాళ్ళం. కొత్తగా చేరిన కుర్రాళ్ళెవరూ ఒక పట్టాన నమ్మేవాళ్ళు కాదు. తిరిగే ఆర్మేచరు తనలో తానే ఒక ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది. ఆ ఎదురు వోల్టేజి, మనం ఇచ్చే వోల్టేజికి దగ్గరగా వచ్చేదాకా వేగం పెరుగుతుంది. ఫీల్డు బలంగా ఉంటే తక్కువ వేగంలోనే అది వచ్చేస్తుంది. ఫీల్డు తగ్గితే, అంత వోల్టేజి పుట్టడానికి ఇంకా జోరుగా తిరగాలి. అందుకని ఇంజనులో ఫీల్డు కరెంటులో కొంత భాగాన్ని పక్కదారి పట్టిస్తాం. చాలా మిక్సీలలో 1, 2, 3 అని ఉండే నాబు చేసేది కూడా అదే. ఫీల్డు కాయిలు మధ్యలోంచి తీగలు బయటికి తీసి ఉంటాయి. మూడో నంబరు పెడితే తక్కువ చుట్లు పనిచేస్తాయి. మీరు కొబ్బరి పచ్చడి చేస్తూ నాబు తిప్పినప్పుడల్లా, డ్రైవరు గారు చేసే పనే చేస్తున్నారన్నమాట.

ఇందులోనే ప్రమాదమూ ఉంది. బరువు లేకుండా పూర్తి వోల్టేజి ఇస్తే సిరీస్ మోటారుకు ఆగే చోటు ఉండదు. మిక్సీలో చిన్న ఫ్యాను గాలిని తోయడానికే శ్రమపడుతుంది కాబట్టి, నిమిషానికి పద్ధెనిమిది, ఇరవై వేల చుట్ల దగ్గర నిలబడుతుంది. ట్రాక్షను మోటారైతే ఆర్మేచరు బద్దలవుతుంది. నేను చేరిన కొత్తలో ఒక టెస్టు బెంచి మీద కప్లింగు వదిలేసి స్విచ్చి వేశారు. ఆర్మేచరుకు కట్టిన బ్యాండు తెగి గోడకు కొట్టుకున్న చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. దేవుడి దయ, అప్పుడు ఎవరూ ఆ పక్కన లేరు.

సరే, ఇంక అసలు విషయానికి వస్తాను.

2000లో నేను రిటైరయ్యాక ఒక చిన్న వర్క్‌షాపు యజమాని వచ్చి "మాస్టారూ, మేము మిక్సీలు చేద్దామనుకుంటున్నాం. మోటారు డిజైను మీరు చేసిపెట్టాలి" అన్నాడు. నాకు చాలా గర్వంగా అనిపించింది. మిక్సీ మన దేశంలో ఇంజనీరు చేతిలోనే పుట్టింది మరి. బొంబాయిలో సీమెన్సులో పనిచేసిన ఎస్.పి. మాథుర్ గారి భార్య మాధురి గారి జర్మనీ బ్రాన్ మిక్సరు మన రుబ్బుడుకు తట్టుకోలేకపోతే, ఆయనే మోటారు డిజైను చేసి సుమీత్ తయారుచేశారు. ఆ కథ నాకు తెలుసు. నేనూ ఏదో మాథుర్ గారినై పోయినట్టు కాయితం, పెన్సిలు పట్టుకున్నాను.

ఫీల్డు కాయిలు డిజైను చేయడమంటే చుట్లు లెక్కపెట్టడం కాదు, ఒక బేరం. ఎట్లాగో చూడండి. అయస్కాంతానికి కావలసింది ఆంపియరు-చుట్లు, అంటే కరెంటును చుట్ల సంఖ్యతో హెచ్చవేస్తే వచ్చేది. స్టేటరుకూ ఆర్మేచరుకూ మధ్య అర మిల్లీమీటరు గాలి సందు ఉంది. అందులో అర టెస్లా అయస్కాంతం నిలబెట్టాలంటే ఆ సందు ఒక్కటే దాదాపు 200 ఆంపియరు-చుట్లు తినేస్తుంది. ఇనుము వాటా ఇంచుమించు అంతే. ఒక్కొక్క వైపు 400 అనుకుంటే, కరెంటు రెండున్నర ఆంపియర్లు కాబట్టి నూటయాభై పైచిలుకు చుట్లు కావాలి. నేను 157 పెట్టాను.

చుట్లు ఇంకా పెంచితే? అయస్కాంతం బలపడుతుంది, బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు తగ్గుతాయి. కానీ తీగ దూర్చే చోటు అంతే ఉంది. చుట్లు పది శాతం పెరిగితే తీగ సన్నబడాలి. పొడుగు పెరిగి, లావు తగ్గి, రెసిస్టెన్సు 21 శాతం పెరుగుతుంది. పైగా ఏ.సి.లో కాయిలే కరెంటుకు అడ్డుపడి సగం వోల్టేజి తినేస్తానంటుంది. చుట్లు తగ్గిస్తే? వేగం హెచ్చి, బలం తగ్గి, ఆర్మేచరు అయస్కాంతం ఫీల్డు మీద పెత్తనం చేసి కమ్యుటేటరు మాడుతుంది. ఇంజను మోటారులో దీనికి మందుగా ఇంటరుపోల్ అని విడిగా చిన్న పోల్ పెడతాం. మిక్సీలో అంత చోటు లేదు.

చుట్ల లెక్క కుదిరింది. తీగ 24 గేజి రాశాను. యజమాని ఖర్చుల లెక్క చూసుకొని "మాస్టారూ, రాగి ధర చూశారుగా. 25 గేజి వేస్తే కొంప మునుగుతుందా?" అన్నాడు. నేను లెక్క చూశాను. 24 గేజి తీగ వ్యాసం 0.559 మిల్లీమీటర్లు, 25ది 0.508. ఫీల్డుకు పట్టే తీగ 57 మీటర్ల దాకా. మిగిలే రాగి మిక్సీకి ఇరవై గ్రాముల పైన ఒకటి రెండు. రెసిస్టెన్సు 21 శాతం పెరుగుతుంది. సరే, పరీక్షించి చూద్దామన్నాను.

పరీక్ష జనవరిలో చేశాం. జాడీలో నీళ్ళు పోసి, బిళ్ళ మీద రాసినట్టు అయిదు నిమిషాలు నడిపి, రెండు నిమిషాలు ఆపి, అట్లా అరగంట. కాయిలు లోపలి వేడి చేత్తో ముట్టుకుంటే తెలియదు. రాగి వేడెక్కితే రెసిస్టెన్సు పెరుగుతుంది కాబట్టి, దాన్ని కొలిచి వేడి లెక్కకడతాం. చల్లగా 30 డిగ్రీల దగ్గర 5 ఓములు. అరగంట తర్వాత 6.3. అంటే కాయిలు సగటున 99 డిగ్రీలు, గదికన్నా 69 ఎక్కువ. మేము వాడిన ఇన్సులేషను ఇ-క్లాసుది, 120 దాకా ఓర్చుకుంటుంది. ఎండాకాలం వంటింట్లో 45 అనుకున్నా 114. "పాసు" అని సంతకం పెట్టాను. ముప్ఫై ఏళ్ళకు పైగా సంతకాలు పెట్టిన చెయ్యి, ఎక్కడా వణకలేదు.

మా వీధిలో ఒక అమ్మాయి ఉండేది. భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు. కందిపొడి, కారప్పొడి, కూరపొడులు చేసి ఇళ్ళకు వేసేది. నేను డిజైను చేసిన మిక్సీ అని నా మాట మీదే ఆ కంపెనీవి రెండు కొన్నది. 2003 మే నెల. ఆ ఏడు ఆంధ్రలో ఎండలు ఎట్లా ఉన్నాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఆవకాయ రోజులు. ఆవపిండి కొట్టి ఇవ్వమని పాతిక ఇళ్ళవాళ్ళు అడ్వాన్సులు ఇచ్చారు. ఆ డబ్బుతో ఆవాలు, మిరపకాయలు కొన్నది, చాలకపోతే గాజులు కుదువబెట్టింది.

ఒకరోజు మధ్యాహ్నం వాళ్ళబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. "తాతగారూ, మిక్సీలోంచి పొగ వస్తోంది, అమ్మ రమ్మంటోంది" అన్నాడు. వెళ్ళేసరికి వీధి గుమ్మం దాకా వార్నిషు మాడిన వాసన. మనలో వైండింగు సెక్షనువాళ్ళకు ఆ వాసన చెప్పనక్కరలేదు. మొదటి మిక్సీ ముందురోజే పోయిందట. నాకు చెప్పడానికి మొహమాటపడి రెండోదానితో పని కానిచ్చుకుంటోంది. "బాబాయి గారూ, నేనేమైనా తప్పుగా తిప్పానా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

ఇంటికి తెచ్చి విప్పాను. రెండిటిలోనూ ఆర్మేచర్లు బాగానే ఉన్నాయి. ఫీల్డు కాయిళ్ళే పోయాయి. మర్నాడు నా దగ్గరున్న మంచి మిక్సీలో ఆవాలు వేసి, నేనే తిప్పి, మీటరు పెట్టి చూశాను. అప్పటికి గాని నాకు బుద్ధి రాలేదు. ఆవాలు నలిగేకొద్దీ నూనె ఊరి, పిండి ముద్దకట్టి బ్లేడును పట్టుకుంటుంది. కరెంటు 3.2 ఆంపియర్లకు పోయింది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. రెండున్నరకు 69 డిగ్రీలు పెరిగితే, 3.2కు 113. దానికి ఎండ 45 కలపండి, 158. ఇది సగటు. లోపలి పొరల్లో ఇంకో పది వేసుకోండి. ఇన్సులేషను ఆయువు ప్రతి పది డిగ్రీలకూ సగానికి సగం పడిపోతుందన్నది మాకు మొదటి ఏడాదే నేర్పిన పాఠం. 120కి తగిన కాయిలును 160 దాటించి వాడితే ఎన్నాళ్ళుంటుంది?

ఇంకొకటి. ఫ్యాను ఆర్మేచరు ఇరుసు మీదే ఉంది. బరువు పడి వేగం తగ్గితే గాలి కూడా తగ్గుతుంది. వేడి ఎక్కువైనప్పుడే గాలి తక్కువ. ఇంజను మోటారుకైతే విడిగా బ్లోయరు ఉంటుంది, బండి నిలబడి ఉన్నా గాలి కొడుతూనే ఉంటుంది. నేను పనిచేసినన్నాళ్ళూ ఆ బ్లోయరు గాలి ఉన్న మోటార్లే నా చేతుల మీదుగా పోయాయి. గాలి ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకం తెలియకుండానే నా లెక్కలోకి వచ్చేసింది. పైగా నేను నీళ్ళతో పరీక్షించాను. నీళ్ళు ఎవరు రుబ్బుతారండీ?

మరి కాయిలు ఒక్కసారిగా ఎందుకు పొగ వదిలింది? ఒకచోట ఎనామెల్ మాడి, రెండు పక్కపక్క చుట్లు తాకాయనుకోండి. ఏ.సి. కాబట్టి ఆ మూసుకున్న చుట్టు చిన్న ట్రాన్సుఫార్మరు సెకండరీ అయిపోతుంది. అందులో పెద్ద కరెంటు ఊరికే తిరిగి, పక్క చుట్టునూ మాడుస్తుంది. ఫీల్డు బలహీనపడితే మోటారు ఇంకా కరెంటు లాగుతుంది. ఒక చుట్టు నుంచి ఇంకో చుట్టుకు, మొత్తం నిమిషాల్లో అయిపోతుంది.

యజమాని దగ్గరికి వెళ్ళాను. అతను చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పాలి. "మాస్టారూ, అయిదు నిమిషాలు నడిపి రెండు నిమిషాలు ఆపమని బిళ్ళ మీద రాశాంగా. గంటల తరబడి తిప్పమని ఎవరన్నారు?" అన్నాడు. నిజమే, రాశాం. ఇంగ్లీషులో, మిక్సీ అడుగున, చీమ తలకాయంత అక్షరాలతో. ఆ అమ్మాయి పది నిమిషాలు ఆపకుండా తిప్పింది. ఆ బిళ్ళ ఆమెకు కనపడదు, కనపడినా "ఎందుకు ఆపాలి" అన్నది అందులో లేదు. తీగ మళ్ళీ 24 గేజికి మార్చి, ఇన్సులేషను ఎఫ్-క్లాసు, అంటే 155 డిగ్రీలది వేద్దామన్నాను. లెక్క ప్రకారం లావు తీగతో 3.2 ఆంపియర్లకు కూడా పెరుగుదల 93 దగ్గర ఆగుతుంది, ఎండతో కలిపి 138. ఒక్క తీగ మార్చినా చాలదు, ఒక్క ఇన్సులేషను మార్చినా చాలదు, రెండూ కావాలి. ఆలోచిస్తానన్నాడు. ఆ తర్వాత మా ఇద్దరికీ కుదరలేదు, నేను మానుకున్నాను.

ఆ అమ్మాయి మిక్సీలు రెండూ నేనే విప్పి, 24 గేజి తీగతో, ఎఫ్-క్లాసు కాగితం, వార్నిషుతో చుట్టాను. మూడు రాత్రులు పట్టింది. అద్దాలు పెట్టుకున్నా చుట్లు లెక్క తప్పి, ఒక కాయిలు రెండుసార్లు చుట్టాను. ఒకసారి రెండో కాయిలు తిరకాసుగా కలిపాను. రెండు కాయిళ్ళూ ఒకదాన్నొకటి కొట్టుకుని, మోటారు మూలుగుతుందే గాని తిరగలేదు. ఎంత సర్వీసు ఉంటే ఏం లాభం! ఈలోగా ఆవపిండి మా ఇంటి రోట్లో మా ఆవిడ, ఆ అమ్మాయి, పక్కింటివాళ్ళు కలిసి దంచారు. పాతిక ఇళ్ళలో ఆరు ఇళ్ళవాళ్ళు అడ్వాన్సు వెనక్కి తీసుకున్నారు. గాజులు విడిపించుకోవడానికి ఆమెకు సంక్రాంతి దాకా పట్టింది. ఆ డబ్బు నేనిస్తానంటే పుచ్చుకోలేదు.

ఇళ్ళలో మిక్సీ వాడే అమ్మలకు రెండు మాటలు. ఆగి ఆగి తిప్పండి. జాడీ నిండా కుక్కవద్దు. వేడెక్కినట్టు అనిపిస్తే ఊరికే కట్టేసే బదులు, ఖాళీ జాడీతో అర నిమిషం తిప్పి కట్టేయండి. బరువు లేదు కనుక కరెంటు తక్కువ, వేగం ఎక్కువ కనుక గాలి ఎక్కువ, త్వరగా చల్లారుతుంది. అడుగున ఎర్ర బొత్తాం పైకి తన్నుకొస్తే వెంటనే నొక్కేయకండి, పావుగంట ఆగండి. అది మీ మీద అలిగి కాదు, కాయిలును కాపాడటానికి తన్నుకొచ్చింది.

కుర్రవాళ్ళు అడగవచ్చు, ఇవన్నీ పాత సంగతులు కదా అని. నిజమే. 1995లో స్వీడను, స్విట్జర్లాండు వాళ్ళ ఏ.బి.బి. నుంచి డబ్ల్యు.ఏ.పి.-5 ఇంజన్లు వచ్చాక త్రీఫేజు మోటార్లు వచ్చాయి. వాటిలో బ్రష్షులు లేవు, ఫీల్డు కాయిళ్ళు లేవు. ఇప్పుడు కొత్తగా తయారయ్యే ఎలక్ట్రిక్ ఇంజన్లన్నీ అవే. మిక్సీలలో కూడా అయస్కాంతపు ముక్కలు పెట్టిన బి.ఎల్.డి.సి. రకాలు వస్తున్నాయి. అయితే 2025 ఏప్రిల్లో చైనా కొన్ని అరుదైన ఖనిజాల మీద, వాటితో చేసే అయస్కాంతాల మీద ఎగుమతి ఆంక్షలు పెట్టేసరికి మన కార్ల కంపెనీలు కంగారుపడ్డాయి. రాగితీగతో అయస్కాంతం చేసుకునే విద్యను మళ్ళీ తిరగేస్తున్నారు. ఫీల్డు తీగ, పని తీగ రెండూ స్టేటరు మీదే చుట్టి, తిరిగే భాగాన్ని ఉత్త ఇనప పళ్ళ చక్రంగా వదిలేసే మోటార్లు కూడా ఉన్నాయి. వాటికి బ్రష్షులూ అక్కరలేదు, అయస్కాంతాలూ అక్కరలేదు. వాటిని డిజైను చేసేవాళ్ళకు కూడా తీగ దూర్చే చోటు అంతే ఉంటుంది, చుట్లు పెంచితే తీగ సన్నబడుతుంది. మా మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు, కంప్యూటరులో బొమ్మ గీసి వేడి ఎక్కడ ఎంతో రంగుల్లో చూపిస్తాడు. "గది వేడి ఎంత పెట్టావురా?" అని అడిగాను. 25 అన్నాడు. బెజవాడ మే నెల పెట్టి మళ్ళీ చూపించమన్నాను.

ఇదిగో, ఇది ఆనాడు కాలిన ఫీల్డు కాయిలు. ఇరవై ఏళ్ళు దాటింది, పారేయలేదు. ముందు వరస నుంచి ఒకరి చేతి నుంచి ఒకరికి అందించండి. ఆ నల్లగా పెళుసుబారిన చోటే మొదట చుట్లు తాకాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా కొద్దిగా వాసన వస్తుంది. తెల్లచీరలవాళ్ళు జాగ్రత్త, మసి అంటుతుంది. చివరి వరస దాకా వెళ్ళాక మళ్ళీ నాకు ఇచ్చేయండి.